ముక్కోణం

హార్లింగెన్ రేవులో, లాకు తలుపులు బాగుచేసే చోట
రేకుల గదిలో ఒక తెల్ల బోర్డు.
పదకొండు పనులు. ఒక్కోదాని పక్కన ఒక అయస్కాంతపు బిళ్ల.
అన్నీ ఆకుపచ్చే.
కామెర్లు లేకుండానే మాకు
లోకమంతా పచ్చగా కనబడిన సెప్టెంబరు అది.

బోర్డు నాది. అబద్ధాల్లో మొదటిదీ నాదే.
పెయింటు డబ్బాలు గ్రోనింగెన్ దాటనేలేదు,
అయినా ఆకుపచ్చ బిళ్ల అంటించి
చేతులు దులుపుకున్నాను.
వెల్డింగ్ చేసే సీట్సె మూడు వారాలుగా
"తొంభై శాతం అయింది" అంటున్నాడు.
మిగిలిన పదీ ఏ సముద్రంలో ఉందని
అతన్ని అడిగితే, నన్నూ అడుగుతారు.
అడగలేదు.

మంగళవారం, పోటు తిరిగే వేళ,
పరీక్షకని తలుపు దించాం.
నాలుగో పంపు సీలు చిట్లింది.
గది నిండా నీళ్లు, నూనె, అరుపులు.
ఎవరికీ ఏమీ కాలేదు. నా బూట్లు పోయాయి.

"డౌవె, నీ బిళ్ల ఆకుపచ్చ కదా!"
ముసలి మెకానిక్ తడి టోపీ పిండుకుంటూ అన్నాడు:
"ఎర్రదే పెట్టాను. వారం నుంచీ ఎర్రదే."

అతను బోర్డు వైపు చూశాడు.
మేము అతని వైపు చూశాం.
నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదట,
తనకి రెండూ ఒకటేనని, తడిసిన ఇసుక రంగని.
బిస్కెట్ల డబ్బాలో ఎడమ గడి ఎరుపు, కుడి గడి ఆకుపచ్చ,
అంతే అతని లెక్క.
ఎవరో కాఫీ కప్పుకి చోటు చేస్తూ
డబ్బా తిప్పి పెట్టారు.

రంగులు తెలిసిన మేము
తెలిసి తెలిసి అబద్ధం పెట్టాం.
తెలియనివాడు నిజమే పెట్టాడు,
అది మా కళ్లకి అందలేదు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
అయస్కాంతపు రేకు కత్తిరించాను.
ఆగిందంటే ముక్కోణం,
నడుస్తోందంటే గుండ్రం,
అయిందంటే చదరం.
చీకట్లో తడిమినా తెలియాలి.
'దాదాపు' అనే మాటకి
ఏ ఆకారమూ కుదరలేదు.

పొద్దున బోర్డు ఖాళీ.
నేనే ముందు వెళ్లి పెయింటింగ్ పక్కన ముక్కోణం పెట్టాను.
ఎవరూ మాట్లాడలేదు. హీటరు టిక్కుటిక్కుమంది.
తర్వాత సీట్సె లేచాడు, చేతి తొడుగు విప్పుతూ.
డౌవె అందరికన్నా చివర వచ్చి
ముక్కోణం మొనల్ని బొటనవేలితో
ఒక్కొక్కటే తడిమి చూసి
నాలుగో పంపు దగ్గర అంటించాడు.

తొమ్మిదింటికి పై ఆఫీసు నుంచి ఫోను.
"అంతా బాగానే ఉందిగా?"
"ఏడు ఆగాయి," అన్నాను.

అవతల చాలాసేపు నిశ్శబ్దం.
ఆ తర్వాత
పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు.