నోరు తిరగని మాట

పీపాకి చెవి ఆనించి లియోంతీన్
లోపల వైన్ నిద్రపోతోందా, నటిస్తోందా అని వింటుంది.
తర్వాత ఏప్రన్ జేబులోంచి తీస్తుంది
జానెడు ఇనుము, కొనన మెలి,
చేతిచెమటకి నల్లబడ్డ అడ్డపిడి.

మూడు చుట్లు. నాలుగు.
చెక్కపొట్టు ఉంగరాలుంగరాలుగా రాలుతుంది.
బయటికి తీయాలంటే గుంజకూడదు,
లోపలికి ఎన్ని చుట్లో వెనక్కీ అన్నే.
సూదంత ధార గ్లాసులోకి దూకుతుంది.
పుక్కిలించి, నేలన ఉమ్మి,
రంధ్రంలో అగ్గిపుల్లంత మేకు కొట్టి
"ఇంకో చలికాలం" అంటుంది.
పనిముట్టు పేరు మాత్రం అనదు.

తార్న్ నది ఒడ్డున ఆ ఊరికి
నేను ద్రాక్షకోతకి వచ్చిన పోర్చుగల్ కూలిని.
చూపుడువేలే నా నిఘంటువు.
మా వైపు దీన్ని వెర్రూమా అంటాం,
తీగ చివర నులితీగని గవీన్యా అంటాం.
రెండు మాటలు, చుట్టరికం లేదు.
ఇక్కడేమో అంతా ఒక్కటేనట:
చెక్కని తొలిచేదీ, కమ్మీని పట్టుకునేదీ,
తాగి దారితప్పిన బస్సు డ్రైవరు బతుకూ,
ముక్కు కిందికి పెట్టి గింగిరాలు తిరుగుతూ
రాలే విమానమూ.

ఎల్వా, ఆమె తమ్ముడు,
ఆరేళ్ల కిందట, ఆగస్టులో, మొక్కజొన్న చేల మీద.
పేపర్లో మూడు పంక్తులు, అందులో ఆ మాట.
అప్పట్నుంచీ ఆ ఇంట్లో పనిముట్టు "అది".
నులితీగలు "వేళ్లు".
ఓసారి మామగారు మరిచి అనేస్తే
సూప్ చల్లారేదాకా ఎవరూ చెంచా ఎత్తలేదట.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.
ఆ పొద్దున నాకు తెలిసింది ఒక్కటే:
కత్తెరకి అడ్డొచ్చిన ఆ ముచ్చటైన మెలికకి
పేరు ఉండి తీరాలి.
వేలు పెట్టి అడిగాను.

వరస పొడుగునా కత్తెరలు ఆగిపోయాయి.

లియోంతీన్ వచ్చి, వంగి,
రెండు కొనలా పట్టు దొరికిన నులితీగ ఒకటి వెతికింది.
సగందాకా కుడికి చుట్టుకుంది,
నడుమ గోరంత మేర తిన్నగా,
అక్కణ్నుంచి ఎడమకి.
ఆ గోరంత చోటుని బొటనవేలితో తడిమి
"ఇక్కడ మనసు మార్చుకుంటుంది" అంది.

అప్పుడు చెప్పింది. వ్రీయ్.
గొంతు చివర ఏదో తుప్పు కదిలినట్టు.
నాకు నోరు తిరగలేదు.
విరీ అన్నాను. బ్రీల్ అన్నాను.
కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.
"కాదు డెలీండా, పెదాలు చూడు,"
అని మళ్లీ అంది.
మళ్లీ.