నలభై ఏడో వరుస

కాశీనగర్ సంత వెనక రేకుల షెడ్డు.
ఒకటే కాటా, ఒకటే ఖాతా.
ఖాతా మాత్రం నాలుగు ఫోన్లలో ఉంటాది:
నా దాంట్లో, త్రినాథ పాణిగ్రాహి దాంట్లో,
బసంతి గమాంగో దాంట్లో,
నాలుగోది పర్లాకిమిడిలో కూచున్న మేనేజరుది.
ఆయన రాయడు, చూస్తాడు.
చూసీవోడు ఊరికే ఉండక ఓ రోజు
పేర్లన్నీ అక్షరాల వరసలో సర్దీసేడు.
బరువులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయేయి.
ఆ పూట ఎవరి పిక్కలు ఎవరివో
కాటాకి కూడా తెలీలేదు.

చైత్రం ఎండకి జీడిపిక్కలు గలగలమంటన్నాయి.
గోనె దించితే తూకం,
తూకం చెప్తే అంకె,
అంకె నొక్కితే గడి.
నా బొటనవేలు జీడి తిని నల్లబడింది.
ఫోను దాన్ని వేలని ఒప్పుకోదు,
పైగడి నొక్కితే కిందగడి తెరుస్తాది.

పేర్లతో ఇంకో పేచీ.
మేం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళు వెనక.
నా రాతలో సవర సుంబురి,
త్రినాథ రాతలో సుంబురి శబర.
కొండ దిగొచ్చిన ఒక్క మనిషి
మా ఖాతాలో ఇద్దరై కూచుంది,
ఒకరి బాకీ ఒకరికి తెలీదు.

ఆ మంగళవారం సుంబురి
ముప్పై ఎనిమిది కిలోలు నెత్తిన పెట్టుకొచ్చింది.
నలభై ఏడో వరుసలో రాసేను.
రాసి, ఫోను తిప్పి చూపించేను.
ఆమెకి చదువు రాదు. అయినా చూసింది.

అదే పొద్దున్న, సిగ్నలు అందని కొండమీద
త్రినాథ అదే వరుసలో
ఎవరిదో మూడు కిలోల మూట రాసుకున్నాడు.
సాయంత్రం అతని బండి వంశధార వంతెన దాటగానే
జేబులో ఫోనుకి ఊపిరొచ్చి
పొద్దుటి మాటలన్నీ ఒక్కసారి కక్కీసింది.
చివర రాసినోడిదే రాత.
నా ముప్పై ఎనిమిది మీద అతని మూడు కూచుంది.
చప్పుడు లేదు. కొట్టివేత గీత లేదు.
కాగితం పుస్తకం అయితే
కనీసం సిరా మరకయినా సాక్ష్యం చెప్పును.

శనివారం డబ్బులు పంచేం.
కిలో నూటపది.
సుంబురి చేతిలో మూడొందల ముప్పై పెట్టేను.
లెక్కపెట్టలేదు.
నోట్లు చూసింది, నన్ను చూసింది,
మూట మోసిన మెడమీద చెయ్యేసుకుని
అలా నిలబడింది.
అరిచుంటే బాగుణ్ణు.

రాత్రి షెడ్డులోనే కూచున్నాం, ముగ్గురం, చల్లారిన పకోడీ.
"నేను తుడవలేదు" అంటాడు త్రినాథ.
"నేను తప్పు రాయలేదు" అంటాను నేను.
రెండూ నిజమే, అదే కదా బాధ.
బసంతి ఏమీ అనకుండా పాత రాతలు తవ్వుతోంది.
పదకొండు నలభై రెండుకి, నా పేరు పక్కన,
ముప్పై ఎనిమిది దొరికింది,
ఏట్లో పడ్డ ఉంగరంలా.

గట్టు వేసుకుందాం అన్నాను.
ఎవరి మడి వాళ్ళది, మూడు వేరే పేజీలు,
నాలుగోదాంట్లోకి మొత్తం దానంతటదే పారాలి,
అందులో చెయ్యి పెట్టే హక్కు ఎవరికీ వద్దు.
మేనేజరుకో? అని త్రినాథ.
ఆయనకి అసలే వద్దు.
కొండమీద నోటుబుక్కే, కిందికొచ్చాకే ఫోను.
పేరు ఎవరూ కొట్టకూడదు,
జాబితాలోంచి ఏరుకోవాలి,
మనిషికో నెంబరు.
నెంబరుకి ముందూ వెనకా ఉండదు కదా అంది బసంతి.
సుంబురి నెంబరు పందొమ్మిది.
ఇద్దరు సుంబురీలు ఆ రాత్రే ఒకరయ్యేరు.

మర్నాడు మేనేజరు ఫోను:
"గడి తెరుచుకోడం లేదేంటి?"
అవునండీ అన్నాను. మరేం చెప్పలేదు.

బుధవారం సుంబురికి మిగతా డబ్బులు,
మూడువేల ఎనిమిదొందల ఏభై.
ఈసారి లెక్కపెట్టింది, రెండుసార్లు,
తడిపిన వేలితో, తొందర లేకుండా.
మొత్తం పేజీ తెరిచి పందొమ్మిది చూపించేను.
ఆమె వేలూ జీడి తిన్నదే.
ఆ నల్లటి వేలితో అంకె మీద గట్టిగా నొక్కింది,
ఉందో లేదో చూడ్డానికి కాబోలు.
మార్చడానికి అనుమతి లేదు, అని ఫోను.
"ఏటంటాది?" అంది.
నువ్వు నొక్కినా చెరగదంట, అన్నాను.
మళ్ళీ నొక్కింది.