గది ఖాళీ

ఊరి పేరు సిల్వాష్‌రేవ్.
వాళ్ళకీ రేవంటే రేవేనట.
ఏ మాట ఎటు ఈదుకొచ్చిందని అడిగితే
ఎతెల్కా ముసలమ్మ నవ్వి కాఫీ పోసింది.

ఇక్కడ సరస్సు మొలలోతు.
అరమైలు నడిచినా మొలలోతే.
ఈతగాళ్ళు విసుక్కుని పోతారు,
పిల్లలున్నవాళ్ళు మళ్ళీ వస్తారు.

రేవు కట్టించిన జమీందారుకి
మ్యూజియంలో ఒక గదంతా ఇచ్చారు,
ఆయన గొడుక్కి కూడా అద్దాల పెట్టె.
ఎతెల్కా గేటుకున్న తుప్పురేకు మాత్రం
ఎవరూ అడగలేదు.
"గది ఖాళీ", జర్మన్‌లో.
మొదటి అక్షరం ఏ వానలోనో రాలిపోయింది.

"జూన్ వస్తే మా మంచాలు అద్దెకిచ్చి
మేం వంటపాకలోకి మారేవాళ్ళం.
మా ఆయన దెజో, బోర్లించిన పడవ కింద
దోమలతో బేరమాడుతూ పడుకునేవాడు.

తూర్పు గదిలో లైప్‌జిగ్ నుంచి గెర్నోట్,
సొంత దుప్పటి, సొంత డబ్బాకూరలు.
పడమటి గదిలో హానోవర్ నుంచి అన్న ఎకెహార్ట్,
పడవంత కారు.
ఒక తల్లి బిడ్డలు.
వాళ్ళ దేశంలో గోడకి తలుపు లేదు.
మా గోడకి ఉంది.
గడియ నేనే ఊడదీసి దాచాను.

అయినా గోడలకి చెవులుంటాయి కదా.
లాంగోష్ కొట్టు దగ్గర మూడో బల్ల మీద
రోజంతా ఒకటే పేజీ చదివేవాడు
ఎవరి మనిషో ఊరందరికీ ఎరుకే.
అందుకని అన్నదమ్ములిద్దరూ
నీళ్ళలోకి నడిచేవాళ్ళు,
మనుషులు రెండు చుక్కలయ్యేదాకా.
అక్కడ నిలబడి మాట్లాడుకునేవాళ్ళు.
వేళ్ళు నాని ముడతలు పడి వచ్చేవాళ్ళు.

వెళ్ళేరోజు పెద్దాయన రబ్బరు చెప్పులతో కారెక్కేవాడు.
ఆయన బూట్లు రైలెక్కి తూర్పుకి పోయేవి."

ఒక నవంబరు రాత్రి, రేడియోలో
గోడ తెరుచుకుందని విన్నారు.
దెజో ఏడ్చాడు.
పక్కింటివాళ్ళు పళ్ళసారా పట్టుకొచ్చారు.
"నేనూ తాగాను," అంటుంది ఎతెల్కా,
"తాగి, మర్నాడు పొద్దున్నే దుప్పట్లు లెక్కపెట్టాను,
వచ్చే జూన్‌కి ఎన్ని కొత్తవి కొనాలా అని.
పన్నెండు కొన్నాను."

జూన్‌లో ఒక కార్డు వచ్చింది.
రెండు సంతకాలు, ఒకే కలం.
ఇద్దరూ కలిసి సముద్రం చూడ్డానికి పోతున్నారట.
ఆ ఏడు ఊళ్ళో
రేకులు చాలా గేట్లకి అలాగే ఉండిపోయాయి.
సంతోషానికి ఎవరిమీద అలుగుతాం?

ఆ పన్నెండులో రెండు
ఇప్పటికీ మడత విప్పలేదు.

బయట గాలి మారింది.
తుఫాను దీపం పసుపుగా కొట్టుకుంటోంది,
ఎవరో పిల్లల్ని ఒడ్డుకి పిలుస్తున్నారు, పోలిష్‌లోనో ఏమో.
ఎతెల్కా సొరుగు లాగి
ఇనప గడియ నా చేతిలో పెట్టింది.
అనుకున్నంత బరువు లేదు.

"మనవడు పెట్టించమంటున్నాడు.
ఇప్పుడొచ్చేవాళ్ళకి గదిగదికీ తాళం కావాలట."
చెయ్యి చాచి తిరిగి తీసుకుంది.
"పెట్టిస్తాలే.
సరిపడే మేకులు దొరకనీ."