జిగురు చీటీ

శివాజీపాలెం రోడ్డులో నా కొట్టు.
థీసిస్ బైండింగు, స్పైరల్, ల్యామినేషన్.
రెక్సిన్ మీద బంగారు అక్షరాలు పొదగడం నా చేతిపని.
లోపలున్నది చదవడం ఎవరూ చెప్పని పని.

మొన్న ముసురులో కొయ్య హైమావతి గారు
ఐదు కాపీలు ఇచ్చి వెళ్లారు. హిస్టరీ.
అమెరికాలో ఒక మొక్కజొన్నల రాష్ట్రం,
నూట యాభై ఏళ్ల కిందటి గవర్నర్ ఎన్నిక.
మైదా జిగురు చల్లారేదాకా
మూడో అధ్యాయం పట్టుకుని కూర్చున్నాను.

ధాన్యం గోదాములో బల్లలు వేసుకుని
జిల్లాల నుంచి రైలెక్కి వచ్చిన మనుషులు
చుట్టలు కాలుస్తూ అభ్యర్థిని ఎంచుకుంటున్నారు.
పదిసార్లు చీటీలు వేశారు, తేలలేదు.
ఇరవైసార్లు. తేలలేదు.
జడ్జిగారికి నాలుగు తక్కువ, కర్నలుకి ఏడు తక్కువ.
తెల్లారగట్ల, నిద్ర చాలక,
ఎవరికీ శత్రువు కాని ఒక రంపపు మిల్లు ఆసామి పేరు
వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.
ముప్పై నాలుగోసారి అందరికీ అతనే కావాల్సొచ్చాడు.
ఫుట్‌నోట్‌లో ఉంది: ఆ రాత్రి అతను ఊళ్లోనే లేడు.

నవ్వొచ్చింది. కాసేపే.

మా వార్డుకీ జరిగింది కదా మీటింగు,
జాలారిపేట కల్యాణమండపంలో.
మైలపల్లి ఎర్రయ్యమ్మ పేరు చెప్తే
ప్లాస్టిక్ కుర్చీలు కూడా లేచి నిలబడ్డాయి.
కుళాయి నీళ్ల కోసం కార్పొరేషన్ మెట్ల మీద
చేపల తట్టతో మూడు రోజులు కూర్చున్న మనిషి.
మాకు ముప్పై నాలుగుసార్లు అక్కర్లేకపోయింది.
చేతులెత్తారు, ఉప్మా తిన్నారు, వెళ్లారు.
నామినేషన్ ఆఖరి రోజు మధ్యాహ్నం
సిరిపురం వైపు నుంచి కారులో దిగింది బి-ఫారం.
అందులో పేరు ఇసుక లారీల ఆయన కొడుకుది.
ఊళ్లోనే ఉన్నాడు, మీటింగుకే రాలేదు.

ఐదో అధ్యాయంలో ఇంకోటుంది.
అప్పట్లో ఓటు కాగితాలు సర్కారు అచ్చెయ్యదట,
పార్టీలే వేసి పంచేవట. దాన్నే టికెట్ అనేవాళ్లట.
అందులో ఒక పేరు గిట్టనివాడు
ముందే జిగురు పూసిన సన్నటి చీటీ
ఆ పేరు మీద అంటించి పెట్టెలో వేసేవాడట.
నాలుకతో తడి చేస్తే చాలు.

ఆ పేజీ దగ్గర వేళ్లు చూసుకున్నాను.
ముప్పై ఏళ్ల జిగురు.

ఎర్రయ్యమ్మ ఫ్లెక్సీలు అప్పటికే కట్టేశారు.
కొత్తవి వేయించే టైము లేదు.
ఆవిడ మొహం మీద ఆ అబ్బాయి మొహం, కాగితంది, అంటించాలి.
పని నాకే వచ్చింది.
డబ్బులు తీసుకున్నాను.
నిచ్చెన మీద ఉండగా ఆవిడే వచ్చింది, తట్ట దించకుండా.
"చిక్కగా కలుపు అప్పలకొండా, ఉప్పుగాలి గదా" అంది.
అంతే అంది.

ఓటు మిషను మీద జిగురు నిలవదు.
నొక్కాను. ఏది నొక్కానో చెప్పను.

హైమావతి గారి కాపీల్లో ఒకదానికి
అట్ట తలకిందులుగా వేశాను.
ఆరిపోయింది కూడా.
మళ్లీ తడిపి, నెమ్మదిగా ఊడదీయాలి.