సీసా తేరేదాకా

రాజోలు శివార్లో, లాకుల పక్కన రేకుల షెడ్డు నాది.
వరద తీసినప్పటినుంచీ
రోజుకో బండి తాడు కట్టించుకుని వస్తోంది.
ఈ పూట రూతమ్మగారి శాంత్రో.
డిక్కీలో గంగాళం, గరిటెలు, జల్లిగంటెలు,
స్టీరింగు ముందు ఆవిడ, కొంగు మీద పసుపు మరక.

"పంపు పోయిందని ఫోన్లోనే చెప్పేశాడండీ పాలకొల్లు కుర్రాడు.
తొమ్మిదివేలంట.
రేపు తెల్లారేసరికి అంతర్వేదిలో మూడొందలమందికి వంటండీ."

తొమ్మిదివేలన్న మాట
నోట్లోంచి ఎంత తేలిగ్గా జారుతుందో నాకు తెలుసు.
నాలుగేళ్ల కిందట నేనూ జార్చాను.
నెల్లి సుబ్బన్నగారి బండికి కొత్త పంపు వేసి పంపితే
మూడోనాడు అదే తాడుతో తిరిగొచ్చింది.
ట్యాంకు అడుగున నీళ్లు.
విప్పేసిన పంపు నిక్షేపంలా ఉంది.
ఆయన ఒక్క మాటా అనలేదు, అదే బాధ.
ఆ పంపు ఇంకా మేకుకి వేలాడుతోంది,
పానాల పక్కన, రోజూ నా కంటబడేలా.

అందుకే ముందు చెయ్యి పెట్టను. అడుగుతాను.

మాది చదును నేల.
ఎత్తంటే ఏమిటో బండికి వంతెన మీదే తెలుస్తుంది.
అరిగిన పంపు రోడ్డంతా బొంకుతూ వచ్చి
చించినాడ వంతెన సగం ఎక్కాక ఒప్పేసుకుంటుంది.
మిట్టమధ్యాహ్నం మొరాయించి
చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు పలుకుతుంది.
నీళ్ల తీరు వేరు.
నీరు పల్లమెరుగు; ట్యాంకులోనూ అంతే.
అడుగుకి దిగి, పంపు మూతి దగ్గరే మకాం పెడుతుంది.

"వంతెన ఎలా ఎక్కిందమ్మా?"
"ఇంత బరువుతోనూ దర్జాగా ఎక్కిందండీ.
దిగాక వెయ్యి రూపాయల పెట్రోలు కొట్టించాను.
ఆ తర్వాతే ఎక్కిళ్లు."

వెనక సీటు లేపి, మూత మీద చెవి ఆనించాను.
"తాళం తిప్పండి. స్టార్ట్ చెయ్యొద్దు."
రెండు సెకన్లు.
సన్నగా, ఒకే శ్రుతిలో, గూ... మని ఆగింది.
గేజి తగిలిస్తే ముల్లు మూడు దాటి కదలకుండా నిలబడింది.

ఇక సీసా.
షోడాబుడ్డిలోకి అరలీటరు పట్టి
బల్ల మీద, ఎవరూ తగలని మూల పెట్టాను.
తేరేదాకా ఆగాలి.
ఈ ఆగడమే నాకు ఆలస్యంగా అబ్బిన పని.
పక్క కొట్టునుంచి టీ వచ్చింది. కాలవలో తూడు నెమ్మదిగా పోతోంది.
ఇప్పటి పెట్రోల్లో చెరకు సారా కలుపుతారు కదా,
అది నీళ్లు కనబడితే పాత చుట్టంలా వాటేసుకుని
పెట్రోలుని వదిలేసి కిందకి దిగిపోతుంది.

నాకన్నా ముందు ఆవిడే చూసింది.
"గీత పడిందండీ."
పైన నారింజరంగు తేట.
కింద మూడువేళ్ల మందాన బియ్యం కడుగులాంటిది,
దాని అడుగున చిటికెడు ఒండ్రు.
"నెయ్యి కాచేటప్పుడు నేనూ ఇలాగే కనిపెడతానండీ,
వెన్నలో ఎవడెంత నీళ్లు కలిపాడో."

ఆ బంకు నాకు తెలుసు.
వరదరోజుల్లో దాని మూతల మీదుగా గోదారి నడిచింది.
పంపుకాడ కుర్రాడు మోకాలిలోతులో నిలబడి
ఎవరు అడిగినా "బానే ఉందండీ" అనే అన్నాడు.
వాడికి మాత్రం ఏం తెలుసు.

ట్యాంకు దింపి, కడిగి, ఆరబెట్టి,
ఫిల్టరు మార్చి, డబ్బాలోంచి మంచి పెట్రోలు పోసేసరికి
దీపాలు పెట్టే వేళయింది.
అందుకుంది ఇంజను.
కానీ మళ్లీ చెవి ఆనిస్తే
ఆ గూ... లో సన్నటి గీరు, ఇసకలో గోరు లాగినట్టు.
చెప్పకపోతే ఆవిడకి తెలీదు.
చెప్పాను: "పంపు ఇవాళ మంచిదే.
ఒండ్రు కాస్త గీరింది. ఎన్నాళ్లొస్తుందో చెప్పలేను.
వంతెన మీద మాత్రం కనిపెట్టుకుని ఉండండి."

పద్దెనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చింది.
సీసా పారబొయ్యబోతే పట్టుకుంది.
"ఉంచండి. ఆ బంకాయన కూతురి పెళ్లికి వంట నాదేనండీ.
పప్పుచారు నీళ్లగా ఉందని
రెండువేలు కోసుకున్నాడు."

గంగాళంలో చీరపాత చుట్టి నిలబెట్టింది సీసాని,
తొణక్కుండా, కలవకుండా,
ఆ గీత అలాగే ఉండేలా.