నకలు

పాతకాలం ఫోటో చూసి మోజుపడి కొంటిని,
దాని అచ్చులో ఈమధ్య చేసిన ఒంటి గుండు తుపాకి.
పెట్టె విప్పితే వార్నీషు కంపు,
లోపల ఇనుము గరగర.
ట్రిగ్గరు, వానకు ఉబ్బిన తలుపు మాదిరి.

గ్రీమ్స్‌పేటలో లేత్ చెంగల్రాయుడు
తిప్పి తిప్పి చూసి
"నకలుకు నకలప్పా ఇది" అన్నాడు.
డబ్బులడగలా.
ఆకురాయి నా చేతికే ఇచ్చినాడు.

మూడు నెలలు.
స్ప్రింగు మార్చి, కట్టెకు అవిసె నూనె పట్టించి...
కలిపిన ముద్దలో కూడా ఇనుము వాసన.

నిన్న క్లబ్బులో అయిదు గుండ్లు.
నల్లచుక్కను ఒక్కటీ తాకలా.
అయిదూ ఎడమపక్క, కిందగా,
రూపాయి బిళ్ళ కింద దాక్కునేటంత దగ్గరగా.

చెంగల్రాయుడు ఆ చిల్లిని వేలితో తడిమి
"వెనక సైటు రవ్వంత కుడికి తట్టాల" అన్నాడు.

రేపు తడతా.
ఈ పొద్దుకు ఆ కాగితం బీరువాలో,
రేషన్ కార్డు పక్కన.