గుండూ బద్దా

మా ఇస్త్రీ పెట్టె బట్టల మొహం చూసి ఏడాదయింది.
సన్నసెగ మీద, మడత తువ్వాలు అడ్డం పెట్టి,
ఫోన్ల అంచులకి కాపడం పెడుతుంది.
అద్దం కింద జిగురు మెత్తబడేలోగా
కాశీబుగ్గ రైలుగేటు రెండుసార్లు పడి లేస్తుంది.

ఆ తర్వాత, గడువు తీరిన బస్సు పాసు ముక్క.
మూలన దూర్చి, ఊపిరి బిగబట్టి,
పక్కకి, పక్కకి. లోపలికి కాదు.
లోపల గుమ్మంలోనే పట్టీ ఉంటుంది,
నిమ్మతొన పొరంత పల్చన.
నేను చింపిన పట్టీలు ఎనిమిది
క్యాలెండరు మేకుకి గుచ్చి ఉన్నాయి.
కొత్తది విప్పే ముందు ఓసారి వాటికేసి చూస్తాను.

మరలు కోడిగుడ్ల అట్టలో.
పొట్టివీ పొడుగువీ, చీమ తలంత తేడా.
పొడుగుది పొట్టి కన్నంలో బిగిస్తే
తిన్నగా బోర్డు గుండెల్లో దిగుతుంది.
ఆ తేడా ఖరీదు పన్నెండొందలు.
ఢిల్లేశుకి ఇంకా బాకీ.

దమయంతి వచ్చిన సాయంత్రం కరెంటు లేదు.
పిక్కల ఫ్యాక్టరీ నించి తిన్నగా,
చేతుల బూడిద చేతులకే ఉండగా వచ్చింది.
"బావూ, ఈ అద్దం సచ్చిపోనాది.
ఎన్నిపాల్లు ఏలెట్టినా తలుపు తియ్యదు."

చూస్తే ఒక్క చీలిక లేదు.
అయినా విప్పాను.
విప్పడం నేర్చినవాడికి
విప్పకుండా ఊరుకోవడం రాదు.
స్పిరిటుతో తుడిచాను. పట్టీ ఊడదీసి మళ్లీ నొక్కాను.
నా వేలు నేర్పితే ఇట్టే నేర్చుకుంది.
ఆమె వేలికి మాత్రం
ఒకసారి వణికి, మొహం తిప్పుకుంది.

అప్పుడు పట్టాను టార్చి, ఫోను మీద కాదు.
పద్నాలుగేళ్ల జీడిసొన
బొటనవేలినీ చూపుడువేలినీ నడిమివేలినీ
నున్నటి పలకలు చేసి ఒగ్గేసింది.
శంఖం లేదు. చక్రం లేదు.
"రేసన్ కాడా ఇంతే," అంది.
"కళ్లు సూపించమంతారు."

నాలుగొందలు అడగబోయిన నేను
నేల మీద, పడని మర కోసం వెతికాను.

ఒక్కో వేలూ పెట్టించాను.
కుడిచెయ్యి మొత్తం కాదంది.
ఎడమచేతి చివర మిగిలింది చిటికెనవేలు.
నొక్కింది, ఎత్తింది, మళ్లీ నొక్కింది,
పిల్లకి అక్షరాలు దిద్దించినట్టు పదహారుసార్లు.
టక్కున తెరుచుకుంది.
"పెళ్లిలో మావోడు పట్టుకున్నాదిదే!
అప్పట్నించీ దీనికి పనీ లేదు, పాటా లేదు."
ఆ నవ్వుకి పక్కింటి కుక్క లేచి మొరిగింది.

వెళ్లబోతూ చాప మీది ట్యాబు చూసింది.
వీధి చివర గుంటది, ఎనిమిదో తరగతి.
మూడు రోజులుగా దాని దగ్గరికి పోవడానికి నాకు భయం,
అద్దం అంతా సాలెగూడు.
"లాగుతున్నావేటి? లాగితే పిక్క ఇడదు బావూ.
దానికి నువ్వు దారియ్యాల."
బస్సు పాసు నా చేతిలోంచి తీసుకుంది.
గుండు దిగితే ఒక రేటు, బద్దయితే ఒక రేటు
అన్న లెక్కలో బతికిన మణికట్టు అది.
పట్టీ దాకా వచ్చి
ఎవరో పిలిచినట్టు ఆగిపోయింది.
ఆ రోజు మేకుకి తొమ్మిదోది ఎక్కలేదు.

ఇప్పుడు ఆదివారాలు వస్తోంది.
విప్పడం ఆమె, బిగించడం నేను.
డబ్బుల దగ్గర చిన్న గొడవ ఉంది, తేలలేదు.

కొత్త అద్దం వేశాక
ఎక్కడైనా చచ్చిన చోటు ఉందేమోనని
తెర నిండా ఏదో ఒకటి గీసి చూడాలి.
గీతల్లేని వేలితో ఆమె
ప్రతిసారీ జీడిపిక్కే గీస్తుంది,
ఆ వంకర దగ్గర కూడా తెగకుండా.
చెరిపేది నేను.
కొన్నిసార్లు, కాసేపాగి.